పట్టుపురుగుల ఇంటి బయట

మా అక్క పట్టుపురుగుల ఇల్లు ఉడుమలైపేట దాటాక, కొబ్బరితోపులు పలచబడి మల్బరీ చేలు మొదలయ్యే చోట ఉంది. పొడుగ్గా, రేకుల కప్పుతో ఉంటుంది. తలుపుకూ కిటికీలకూ సన్నటి నైలాన్ వల. పంట నడిచే రోజుల్లో ఆ వలకు అవతల మా అక్క, ఇవతల నేను. ఆదివారం పొద్దున్నే కోయంబత్తూరులో బస్సెక్కి, పొల్లాచ్చిలో దిగి ఇంకో బస్సు పట్టుకొని వస్తాను. కిటికీ కింద నా కోసం ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంటుంది. దానిమీద కూర్చొని, వలలోంచి మసగ్గా కనిపించే అక్క చీర కొంగుతో కబుర్లు చెప్పి, సాయంత్రం బస్సుకు తిరిగి పోతాను. జైల్లో ఉన్నవాళ్ళను చూడబోయినవాళ్ళు కూడా ఇంతకంటే దగ్గరగా కూర్చుంటారు కదక్కా అని ఒకసారి అన్నాను. అక్క నవ్వలేదు.

నన్ను బయట కూర్చోబెట్టడానికి కారణం నా ఉద్యోగం. కోయంబత్తూరులో ఒక ప్రయోగశాలలో నేను వైరస్‌తో పనిచేస్తాను. ఏ వైరస్ అంటే, పట్టుపురుగులను చంపే వైరస్. అది పట్టిన పురుగు ఉబ్బి, చర్మం మెరిసి, చివరికి తెల్లగా పాలలా కారి చస్తుంది. పాలరోగం అంటారు. తెలుగునాట కూడా అదే మాట అంటారని తర్వాత తెలిసింది. మా వైపు తమిళంలో పాల్‌పుళు. అక్క ఆ మాట పలకదు కూడా. చెప్పాల్సి వస్తే గొంతు తగ్గించి "అది" అంటుంది. అందువల్ల రోజూ "దాని"తో ఉండి వచ్చే నేను ఆ గడప తొక్కకూడదు. ఇది ఏళ్ళుగా నడుస్తున్న చట్టం.

అక్క నాకు ఒట్టి అక్క కాదు. అమ్మ పోయేటప్పటికి నాకు సరిగ్గా ఊహ తెలియదు. నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, బడికి పోనని మారాం చేస్తే వీపు మీద ఒకటి వేసింది, అన్నీ అక్కే. నాన్న మిల్లు పనికి పోతే ఇంట్లో మేమిద్దరమే. మా ఇళ్ళల్లో గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో ఇంగ్లీషు. నా తెలుగంతా అక్క నోట్లోంచి వచ్చింది. అక్షరాలు మాత్రం హైదరాబాదులో పరిశోధన చేసే రోజుల్లో నేర్చుకున్నాను. అక్కడ నేను నోరు తెరిస్తే చాలు, ఏ జిల్లా మీది అని అడిగేవారు. కోయంబత్తూరు జిల్లా అంటే ఆటపట్టిస్తున్నాననుకొనేవారు. ఇప్పుడు ఇది రాస్తున్నానా, అక్కకు తెలుగు అక్షరాలు రావు, చదవలేదు. ఫోనులో చదివి వినిపించాలి. వినిపిస్తే మధ్యలోనే "ఇవన్నీ ఏంటికి రాస్తావు, వేరే పని లేదా?" అంటుంది.

అక్క పెళ్ళై ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు కాలేజీ సెలవులు ఇస్తే నేరుగా ఇక్కడికే పరుగు. బావవాళ్ళ సొంతూరు వాడిపట్టి దగ్గర. అక్కడి భూమి పంచుకొని, వచ్చిన భాగం అమ్మి, ఇక్కడ చేను కొని పట్టుపురుగులు మొదలుపెట్టారు. అప్పుడు నాకు చట్టాలేవీ లేవు. అక్కా నేనూ ఆ ఇంట్లోనే చాప వేసుకొని మధ్యాహ్నాలు పడుకొనేవాళ్ళం. అరల మీద మల్బరీ కొమ్మలు పరిచి, వాటిమీద పురుగులు. అవి మేస్తుంటే పక్కగదిలో ఎవరో చేటతో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు. పట్టుపురుగు నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి నిద్రపోయి, పాత చర్మం విడిచి లేస్తుంది. నాలుగో నిద్ర నుంచి లేచాక దానికి ఆకలి అలా ఇలా ఉండదు. ఆ రోజుల్లో ఇద్దరం చెమటలు కారుస్తూ కొమ్మలు మోసేవాళ్ళం. పని అయ్యాక అక్క నా జడ విప్పి, ఇరుక్కున్న ఆకు తుంపులు ఏరేది. అంత సుఖం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. దొరకదని కూడా తెలుసు.

అలాంటి సెలవుల్లోనే ఒక పంట పాలరోగంతో పోయింది. రేపో ఎల్లుండో గూళ్ళు కడతాయనగా పోయింది. అక్క అన్నం మానేసి గడపలో కూర్చుంది. బావ బతిమాలి అలిసిపోయాడు. నేను పక్కన కూర్చొని, "దీన్ని నేను చదువుతానక్కా, ఎట్ల వస్తుందో కనుక్కుంటా" అన్నాను. "చదువు" అంది, నా వైపు చూడకుండా. నేను ఆవేశంలో అన్న మాటే. కానీ నాకు మొండితనం ఎక్కువ, నిజంగానే చదివాను. ఆ చదువు ముగించుకొని ఉద్యోగంలో చేరి, మొదటి ఆదివారం తీపి పొట్లం పట్టుకొని వస్తే, అక్క తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి వద్దు, అమ్మణీ."

అమ్మణి అంటే మా ప్రాంతంలో ముద్దుగా పిలిచే పిలుపు. అంత ముద్దుగా పిలిచి వెళ్ళగొట్టడం అక్కకే చేతనవును. అక్కకు దగ్గరగా ఉండాలని పట్టుకున్న చదువు నన్ను వాకిట్లో కూర్చోబెట్టింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదట్లో వాదించేదాన్ని. ప్రయోగశాలలో వేరే బట్టలు, వేరే చెప్పులు, చేతికి తొడుగులు. వచ్చేముందు తలస్నానం. ఇంక ఏముంటుంది నా దగ్గర? అక్క వినేది కాదు. చివరికి ఒక ఆదివారం, అర్థమయ్యేట్టు చెబితేనైనా కరుగుతుందేమోనని, మొత్తం కథ చెప్పాను. మాటలు దొరక్క నానా తంటాలు పడ్డాను. ఇంట్లో మాట్లాడే తెలుగులో కణానికి మాట లేదు, కేంద్రకానికీ లేదు. అందుకని పసుపుతో మొదలుపెట్టాను.

"అక్కా, ఒక కాగితానికి కొంచం పసుపు పూసుకో. ఒక పురుగును మెల్లగా ఒత్తి, నోట్లోంచి వచ్చే రసం దానిమీద పెట్టు."

అక్క వలకు అవతల అలాగే చేసింది. పురుగు ఆకుపచ్చటి చుక్క ఒకటి కక్కింది. అది ఇంకిన చోట చుట్టూ ఎర్రటి అంచు లేచింది. అక్క కాగితాన్ని వలకు ఆనించి చూపించింది.

"ఆరతి నీళ్ళ మాదిరి ఉండాది!"

"ఆమా. ఆరతి నీళ్ళకు పసుపులో ఏం కలుపుతావు?"

"సున్నం."

"నీ పురుగు కడుపులో ఉండేదీ సున్నపు నీళ్ళ లాంటి రసమే."

ఇక అక్కడి నుంచి అందుకున్నాను. ఈ వైరస్‌లు చాలా కలిసి ఒక ప్రోటీన్ పెట్టెలో ఇరుక్కొని ఉంటాయి. మైక్రోస్కోపు కింద ఆ పెట్టెలు కలకండ పలుకుల్లా మెరుస్తాయి. కలకండ నీళ్ళలో కరుగుతుంది, ఇవి కరగవు. మట్టిలో, అరల సందుల్లో పడి ఏళ్ళ తరబడి ఓపిక పడతాయి. ఆకుతో పాటు పురుగు నోట్లో పడ్డాయంటే, ఆ సున్నపు రసంలో పెట్టె కరిగిపోతుంది. లోపలివి బయటపడి పేగు గోడకు అతుక్కుంటాయి. వాటికి పైన ఒక పలచటి కొవ్వు పొర. అది గోడ పొరలో కలిసిపోతుంది. అప్పుడు వైరస్ లోపలికి జారుతుంది. ఇంకా ఒంటిమీద ఒక తొడుగు మిగిలే ఉంటుంది, సన్నటి కడ్డీలాంటి ప్రోటీన్ తొడుగు. దానితోనే కణం నడిమి గది దాకా పోయి, ఆ గది గోడలో ఉన్న కన్నంలోంచి దూరి, అక్కడ ఆ ఆఖరి తొడుగును విడుస్తుంది. లోపల చుట్టి పెట్టుకున్న డీఎన్‌ఏ అప్పుడు విచ్చుకుంటుంది. అంతవరకు దాని వల్ల ఏమీ కాదు. విచ్చుకున్నాక, ఆ గది దానిదే.

అక్క కాగితం మీది ఎర్రటి అంచును వేలితో తడిమింది.

"అంటే, దాని తలుపు తీసేది మన పురుగేనా?"

"మొదటి తలుపు మన పురుగే తీస్తుంది."

"పిచ్చిది. అట్లయితే మనం నేలకు సున్నం చల్లేది ఏంటికి? అదీ సున్నమే కదా?"

"బయట సున్నంలో పెట్టె కరిగిపోతే దానికి పోయేదానికి ఇల్లు లేదు. దిక్కులేకుండా చస్తుంది. కడుపులో కరిగితే పక్కనే ఇల్లు."

నేను చేసే పని ఆ ఆఖరి తొడుగు దగ్గరే. అది ఎప్పుడు విడిపోతుంది, ఎవరు విప్పుతారు? డీఎన్‌ఏను బిగించి పట్టుకొని ఒక చిన్న ప్రోటీన్ ఉంటుంది. దాని పట్టు సడలితేనే మూట విచ్చుకుంటుందని తెలుసు. ఆ పట్టు సడలకుండా ఆపగలిగితే, వైరస్ లోపలిదాకా వచ్చినా మూట విప్పుకోలేక అలాగే పడి ఉంటుంది. పురుగు బతుకుతుంది. ఆ ఆశతోనే ఇన్నేళ్ళుగా ఒకే మూట చుట్టూ తిరుగుతున్నాను. తోటివాళ్ళు పెద్ద పెద్ద మాటలు చెబుతారు గానీ, నా మనసులో ఉండేది మాత్రం అక్క అరలే. అది కూడా ఆ రోజు అక్కకు చెప్పాను. చెప్పి, మెల్లగా అసలు మాట కదిపాను.

"ఇప్పుడు తెలిసింది కదా. తలకు పోసుకొని, నీ చీరే కట్టుకొని, కాళ్ళు సున్నపు నీళ్ళలో పెట్టి వస్తా. కొంచంసేపు నీ పక్కన కూచోని పోతా. అంతే."

"వద్దు అమ్మణీ. ముందర భయం కొంచం ఉండేది. ఇప్పుడు నువ్వు చెప్పినాక రొంబ ఉండాది."

నా నోరే నాకు శత్రువు. ఇంకో రైతు ఎవరైనా అడిగి ఉంటే నేనూ ఇదే చెప్పేదాన్ని: ఆ పని చేసేవాళ్ళను పురుగుల ఇంట్లోకి రానీకండి అని. అది వేరే సంగతి. ఇక్కడ నేను మా అక్క చెల్లెల్ని. సాయంత్రం బస్సెక్కాను.

పంటకూ పంటకూ నడుమ ఇల్లు ఖాళీగా ఉండే రోజులుంటాయి. అప్పుడైనా రానిస్తుందా అంటే, అప్పుడు ఇంకా కఠినం. కడిగి, మందు కొట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంటుంది. ఆ రోజుల్లో వాళ్ళు కాపురముండే పెద్దింట్లో నాతో కూర్చుంటుంది, మాట్లాడుతుంది, వండి పెడుతుంది. ఏం లోటని అడిగితే చెప్పలేను. కానీ అక్క అక్కగా ఉండేది ఆ రేకుల కప్పు కిందనే. అక్కడ చేతులు పనిలో పడితే నోరు తెరుచుకుంటుంది, పాట వస్తుంది, అమ్మ సంగతులు వస్తాయి. వల బయట నుంచి సగం వినబడతాయి, సగం పురుగుల మేతలో కలిసిపోతాయి. నాకు ఆ రెండో సగం కావాలి. ఇంతకంటే పెద్ద కోరిక ఏదీ లేదు నాకు ఈ మధ్య.

మొన్నటి పంటకు అక్కకు పిల్లపురుగులు తక్కువ వచ్చాయి. ఆకు మాత్రం చేను నిండా ఉంది. పొల్లాచ్చి పక్క ఊళ్ళో బావ వాళ్ళ అక్క ఇంట్లో దీనికి తలకిందులు. వాళ్ళ బోరు ఎండి, ఆకు చాలక, పురుగులు మిగిలిపోయాయి. నేను స్టూలు మీద కూర్చొని ఉన్న ఒక ఆదివారం ఆమె ఆటోలో దిగింది. చేతిలో వెడల్పాటి వెదురు తట్ట. తట్టలో తడిగుడ్డ కింద పురుగులు. తట్ట అంచుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి ఉంది. 

"ఏమమ్మణీ, బయట కూచోనుండావు?" అని నన్ను పలకరించి, నేరుగా తలుపు దగ్గరికి నడిచింది.

మా వాళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. ఆడబిడ్డ పుట్టింటివాళ్ళకు తన చేత్తో తెచ్చిచ్చిన విత్తును కాదనకూడదు. జొన్నలు కానీ, పెయ్యదూడ కానీ, పెరుగుకు తోడు కానీ, పసుపు కుంకుమతో తెచ్చిందంటే కొంగు పట్టి తీసుకోవాల్సిందే. తిప్పి పంపితే ఆ ఇంట్లో విత్తు నిలవదంటారు. పట్టుపురుగులు మా తాతలు ఎరగరు. అయినా అవీ విత్తులోనే చేరిపోయాయి.

వేరే ఇంటి పురుగును నడిమధ్యలో తెచ్చి కలపడమంటే ఏమిటో నాకు తెలుసు. చూడటానికి అవి నిగనిగలాడుతూనే ఉన్నాయి. రోగం ముదిరేదాకా అలాగే ఉంటాయి. లేచి కిటికీ దగ్గరికి పోయి, "అక్కా, వద్దు. వేరేగా పెట్టు, కలపొద్దు" అన్నాను, ఇంగ్లీషులో. ఆమెకు అర్థం కాకూడదని ఇంగ్లీషు; అక్కకు బడిలో నేర్చిన ఇంగ్లీషు కొంచం తెలుసు. అక్క వలలోంచి నన్ను ఒక్క చూపు చూసింది. అలాంటి చూపు చిన్నప్పుడు వీపు మీద దెబ్బకు ముందు చూసేదాన్ని.

"నువ్వు ఊరికే ఉండు."

తలుపు తీసింది. కొంగు పట్టింది. "రా వదినే" అంది. నేనేమో ఇన్నేళ్ళుగా తలస్నానాలు చేసి, సబ్బు అరిగిపోయేట్టు చేతులు రుద్దుకొని వస్తున్నాను. ఆమె పొల్లాచ్చి దుమ్ము కాళ్ళతో నా ముందు నుంచే లోపలికి పోయింది. సున్నం మీద ఆమె అడుగులు పడ్డాయి. లోపల ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఆ క్షణం నాకు రోగం సంగతి కూడా గుర్తులేదు. కుళ్ళుకున్నాను, అంతే. ఆ రోజు సాయంత్రం దాకా ఆగకుండా బస్సెక్కేశాను.

తర్వాత వచ్చిన ఆదివారం నేను పోలేదు. అలిగాను. దాని తర్వాతి వారం, వారం మధ్యలో, పొద్దున్నే అక్క ఫోను చేసింది. గొంతులో ఏ తేడా లేదు.

"అమ్మణీ, కొంచం వచ్చి పోతావా?"

ఎందుకని అడగలేదు. సెలవు చెప్పి బయల్దేరాను. బస్సులో కూర్చున్నంతసేపూ వేరే కారణాలు వెతుక్కున్నాను. బావకు ఒంట్లో బాగాలేదేమో, అక్కకే ఏమైనా అయిందేమో అని కూడా అనుకున్నాను. అవి అయినా పరవాలేదన్నట్టు అనుకున్నాను, చూడండి.

స్టూలు కిటికీ కిందనే ఉంది. వల తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క తలుపుకు ఆనుకొని నిలబడి ఉంది.

"రా, లోపలికి రా. ఇంగ నీకి తడ లేదు, అడ్డం లేదు."

చెప్పులు విడవబోయాను. "అట్లనే రా" అంది.

లోపల చప్పుడు లేదు. మొదట తెలిసింది అదే. ఆకులు వేసినవి వేసినట్టే వాడిపోయి ఉన్నాయి. పురుగులు అరల అంచుల మీదకు పాకి, అటూ ఇటూ ఆగకుండా తిరుగుతున్నాయి. ఒళ్ళు కణుపు కణుపుకూ ఉబ్బి, మెరుస్తున్నాయి. కొన్ని తలకిందులుగా వేలాడుతున్నాయి. వేలాడే వాటి నుంచి తెల్లటి చుక్కలు నేల మీదకు కారుతున్నాయి. ఆ ఒక్కో చుక్కలో ఎన్ని పెట్టెలుంటాయో నాకు తెలుసు. వీటన్నిటికీ మొదటి తలుపు తెరిచింది ఈ పురుగే. ఆఖరి తొడుగు ఎలా విడిపోతుందో ఇంకా తేల్చలేకపోయింది నేను.

"వదినె ఇంట్లో కూడా అట్లనే పోయింది," అంది అక్క. "పొద్దున ఫోను చేసి ఏడ్చింది. నువ్వు ఆమెను ఏమీ అనొద్దు. తెలిసి తెచ్చిందా?"

బావ చేను అవతల గుంత తవ్వాడు. అక్కా నేనూ అరల నుంచి అన్నీ దులిపి, తట్టల్లో మోసి, గుంతలో పోసి, పైన సున్నం కుమ్మరించాం. ఇద్దరం పక్కపక్కనే పనిచేశాం, పాత రోజుల్లో లాగే. చేతులు పనిలో పడ్డాయి గానీ అక్క నోరు తెరుచుకోలేదు. పాట రాలేదు. పని ముగిశాక ఖాళీ అరల మధ్య చాప పరిచి, "కూచో" అంది. కూర్చున్నాను. నా భుజం మీద తల పెట్టింది. అక్క ఎప్పుడూ అలా చేయలేదు. నేనే పెట్టేదాన్ని.

ఆ తర్వాత ఇల్లు కడగలేదు. మందు కొట్టలేదు, తాళం వేయలేదు. నేను ఆదివారాలు వచ్చి నేరుగా లోపలికి పోయేదాన్ని, అక్క ఆ చాప మీదే పడుకొని ఉండేది. పక్కన పడుకొనేదాన్ని. నన్నెవరూ వద్దనలేదు. నేను కోరుకున్నది ఇదే కదా, ఈ కప్పు కింద, ఈ చాప మీద, అక్క పక్కన. ఒక్క పూట కూడా సుఖంగా లేదు. మల్బరీ కోసేవాళ్ళు లేక గుబురుగా పెరిగిపోతోంది. ఇంక చాలు, చేను తీసేసి కొబ్బరి పెడదామని బావ అంటున్నాడు. అక్క ఔననడం లేదు, కాదనడం లేదు. అక్క మళ్ళీ పురుగు పెట్టకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా నాకు భయం వేసింది. పురుగు లేని అక్కను నేను ఎరగను.

పోయిన ఆదివారం ఇక ఆగలేకపోయాను. చాప మీద లేచి కూర్చున్నాను.

"అక్కా, నన్ను బయటికి పొమ్మను."

కళ్ళు తెరిచి చూసింది. "ఏంటికి? ఇన్ని దినాలు లోపలికి లోపలికి అని ఏడ్చినావు కదా."

"ఏడ్చినాను. ఇప్పుడు పొమ్మంటున్నాను. ముందర మాదిరి తిట్టి పంపు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకూడదని తల తిప్పుకున్నాను. అక్క మెల్లగా లేచింది. జుట్టు ముడి వేసుకుంది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని, మూలనున్న బక్కెట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

"లెయ్యి," అంది. "నువ్వు కూచున్న చోట మొదలు కడగాల."

నేను లేచి, చెప్పులు చేత్తో పట్టుకొని, వల తలుపు దాటి బయటికి వచ్చాను. అక్క నా వెనకనే గడియ వేసింది.